మెటల్ చైన్ వాచ్ చేతికి ఎంత టైట్‌గా ఉండాలి? మా నాన్న హార్ట్ రేట్ చెప్పిన లెక్క

118. మా నాన్న వాకింగ్ మానేయడానికి కారణం ఈ నంబర్.

ఆరు నెలల క్రితం ఆయనకు స్టెంట్ వేశారు. రోజూ అరగంట నడవమని, నడిచేటప్పుడు గుండె వేగం 110 దాటకుండా చూసుకోమని డాక్టర్ గారు చెప్పారు. ఇంట్లో గాడ్జెట్లు రివ్యూ చేసే కొడుకు ఉన్నాక ఇంకేం కావాలి? రివ్యూ అయిపోయి డ్రాయర్‌లో పడి ఉన్న ఒక స్మార్ట్‌వాచ్ తీసి ఇచ్చాను. దాని సిలికాన్ స్ట్రాప్ చూడగానే "ఏంట్రా ఇది, చిన్నపిల్లల రబ్బరు బెల్టులా ఉంది" అన్నారు. ముప్పై ఏళ్లుగా స్టీల్ చైన్ వాచ్ తప్ప ఇంకోటి పెట్టుకోని మనిషి ఆయన. సరేనని ఆన్‌లైన్‌లో 22 ఎంఎం స్టీల్ చైన్ తెప్పించి మార్చాను. ఆయన అలవాటు ప్రకారమే వదులుగా ఉంచమన్నారు, నేనూ అలాగే ఉంచాను. తప్పు అక్కడే జరిగింది.

నాలుగో రోజు నుంచి నాన్న వాకింగ్‌కి వెళ్లడం లేదు. ఎందుకని అడిగితే ముందు మోకాళ్లు అన్నారు, తర్వాత ఎండ అన్నారు. అమ్మ గట్టిగా నిలదీస్తే అప్పుడు బయటపడింది. "నడుస్తుంటే గుండె 118 కొడుతోందిరా, మళ్లీ ఏమన్నా అవుతుందేమోనని భయంగా ఉంది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయనతో పాటు నేనూ బందరు కాలువ గట్టు మీదకి వెళ్లాను. పది నిమిషాలు నడిచాక వాచ్‌లో చూస్తే నిజంగానే 117, 118. అక్కడే ఆపి, మణికట్టు దగ్గర నాడి మీద వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టాను. 23 వచ్చింది. అంటే నిమిషానికి 92. రెండోసారి చూసినా అంతే. మరి 118 ఎక్కడి నుంచి వచ్చింది? మళ్లీ నడవమని చెప్పి ఈసారి ఆయన అడుగులు లెక్కపెట్టాను. అర నిమిషానికి 59 అడుగులు. నిమిషానికి 118!

వాచ్ గుండెను కాదు, కాళ్లను లెక్కపెడుతోంది.

ఈ ఆర్టికల్ అందుకే రాస్తున్నాను. ఇన్నేళ్లలో ఎన్నో వాచ్‌లు రివ్యూ చేశాను కానీ, "చైన్ చేతికి కంఫర్టబుల్‌గా ఉంది" అని ఒక్క లైన్ రాసి వదిలేసేవాణ్ని. ఆ ఒక్క లైన్‌లో ఎంత ఉందో నాన్న భయపడేదాకా నాకు తెలియలేదు.

వదులైతే సెన్సార్‌కి ఏమవుతుంది?

స్మార్ట్‌వాచ్ వెనక వెలిగే ఆకుపచ్చ లైట్లు మీరు చూసే ఉంటారు. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పెరిగి, కాస్త తగ్గుతుంది. దాంతో వెనక్కి వచ్చే కాంతి కూడా తగ్గి పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులనే సెన్సార్ లెక్కపెట్టి మనకు హార్ట్ రేట్‌గా చూపిస్తుంది. కానీ ఆ తేడా చాలా చిన్నది. సెన్సార్‌కీ చర్మానికీ మధ్య సందు ఉంటే బయటి వెలుతురు లోపలికి వస్తుంది, లోపలి కాంతి పక్కలకు పోతుంది. అంతకంటే పెద్ద సమస్య ఏంటంటే, అడుగు వేసినప్పుడల్లా చెయ్యి ఊగి, వాచ్ చర్మం మీద ఒకసారి ఎగిరి పడుతుంది. సెన్సార్‌కి అది కూడా ఒక పల్స్ లాగే కనిపిస్తుంది. అడుగుల లయ గట్టిగా, గుండె లయ బలహీనంగా వినిపిస్తే అల్గారిథమ్ గట్టిదాన్ని పట్టుకుంటుంది. ఇంగ్లీష్‌లో దీన్ని కేడెన్స్ లాక్ అంటారు. రన్నింగ్ చేసేవాళ్లకు ఈ తలనొప్పి బాగా తెలుసు.

సిలికాన్ స్ట్రాప్‌తో ఇది తక్కువ. స్ట్రాప్ తేలిక, కాస్త సాగుతుంది, చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. స్టీల్ చైన్‌లో ఈ మూడూ ఉండవు. బరువు ఎక్కువ, అస్సలు సాగదు, పైగా నున్నగా జారుతుంది. అందుకే రబ్బరు స్ట్రాప్‌తో చెల్లిపోయే వదులు, చైన్‌తో చెల్లదు.

సరే, మామూలు వాచ్‌కి సెన్సార్ లేదు కదా, ఎలా పెట్టుకున్నా పర్లేదా అంటే... అదీ కాదు. దానికి వేరే లెక్క ఉంది.

ఒక్క లింక్‌కి ఇంత తేడా ఎందుకు?

చైన్ వాచ్ కొన్న ప్రతి ఒక్కరూ అనే మాట ఇది: "ఒక లింక్ తీస్తే టైట్, ఉంచితే లూజ్." బెల్ట్ వాచ్‌కి రంధ్రాలుంటాయి, చైన్‌కి లింకులుంటాయి. ఒక్కో లింక్ మామూలుగా 7 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 8 అనుకుందాం. వినడానికి ఎంతో అనిపించదు. కానీ చుట్టుకొలతలో 8 ఎంఎం తగ్గితే, 3.14తో భాగిస్తే, వ్యాసంలో దాదాపు 2.5 ఎంఎం తగ్గుతుంది. వాచ్ మణికట్టు పైన ఆనుకుని కూర్చుంటే ఆ సందు మొత్తం కింద వైపు, లాక్ దగ్గర చేరుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల సందు అంటే చిటికెన వేలు చొరబడుతుందా లేదా అన్న తేడా అదే. మణికట్టు గుండ్రంగా ఉండదు, కొంచెం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ ఒక్క లింక్ ఎందుకంత బరువైన నిర్ణయమో అర్థమవుతుంది కదా.

దీనికి తోడు మన మణికట్టు కూడా రోజంతా ఒకే సైజులో ఉండదు. ఎండకి రక్తనాళాలు వెడల్పవుతాయి, ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీరు నిలుస్తుంది, వ్యాయామం చేస్తే చెయ్యి ఉబ్బుతుంది. ఈ మే నెలలో నేను వారం రోజులు దర్జీ టేపుతో నా మణికట్టు కొలిచాను. పొద్దున ఏసీ గదిలో లేవగానే 170 ఎంఎం. మధ్యాహ్నం బైక్ మీద బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంటికొచ్చాక 176. ముందు రోజు రాత్రి పెళ్లి భోజనం చేసిన ఆదివారం పొద్దున 173. (ఆవకాయ పాత్ర ఎంతో విడిగా కొలవలేదు.) అంటే ఒక్క రోజులోనే దాదాపు ముప్పావు లింక్ తేడా! పొద్దున ఏసీలో సరిగ్గా కుదిరిన చైన్ మధ్యాహ్నానికి బిగుసుకుపోవడం వింతేమీ కాదు.

అందుకే నా మొదటి సలహా: చైన్ సైజు పొద్దున్నే చేయించుకోకండి. షాపులో ఏసీ చల్లదనంలో నిలబడి కూడా వద్దు. సాయంత్రం, కాస్త తిరిగి వచ్చాక, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు చేయించుకోండి. ఆ టైమ్‌కి ఇబ్బంది లేకుండా ఉన్న చైన్ పొద్దున కొంచెం వదులుగా అనిపిస్తుంది, అంతే. మెటల్ చైన్ విషయంలో కొంచెం వదులు వైపు తప్పు చేయడమే మేలు, సెన్సార్ ఉన్న వాచ్ కాకపోతే.

మామూలు వాచ్‌కి సరైన టైట్ ఏది?

నాకు ఈ విషయం నేర్పింది బీసెంట్ రోడ్డులో గొడుగు వేసుకుని చిన్న బల్ల ముందు కూర్చునే వాచ్ రిపేర్ బాబాయ్. యూట్యూబ్ వీడియోలన్నీ చూసి వెళ్లి "రెండు వేళ్లు పట్టాలా, ఒక వేలు పట్టాలా బాబాయ్?" అని అడిగితే, "ఎవరి వేళ్లు బాబూ, నీవా నావా?" అన్నాడు. ఆయన వేళ్లు చూస్తే ప్రశ్నలో న్యాయం ఉంది.

అయినా వేలి పరీక్ష మరీ పనికిరానిది కాదు. మీ చిటికెన వేలు, లాక్‌కీ మణికట్టుకీ మధ్య, కొంచెం ఒరుసుకుంటూ దూరాలి. చూపుడు వేలు హాయిగా దూరిపోతే వదులు. చిటికెన వేలి కొన కూడా దూరకపోతే బిగువు. కానీ బాబాయ్ చేసే అసలు పరీక్ష వేరు. వాచ్ పెట్టుకుని, చెయ్యి కిందకి వేలాడదీసి, బస్సులో చిల్లర ఎగరేస్తున్నట్టు రెండుసార్లు విదిలించమంటాడు. మణికట్టు బయటి వైపు, చిటికెన వేలి పక్క, ఒక బుడిపె లాంటి ఎముక ఉంటుంది చూడండి, వాచ్ దాన్ని దాటి అరచేతి వైపు రాకూడదు. వాచ్ ఎప్పుడూ ఆ ఎముకకి మోచేతి వైపే ఉండాలి. అది దాటి ముందుకొస్తే, చెయ్యి వెనక్కి వంచినప్పుడల్లా కీ తిప్పే బటన్ చేతి వెనక భాగంలో గుచ్చుకుంటుంది. పుషప్ చేసినప్పుడో, బైక్ హ్యాండిల్ పట్టుకున్నప్పుడో అక్కడ ఎర్రటి మచ్చ పడుతుంటే మీ వాచ్ వదులుగా ఉన్నట్టే.

తర్వాత ఇంకొకటి చూడమంటాడు. చెయ్యి అడ్డంగా పెట్టి అటూ ఇటూ తిప్పితే డయల్ కొంచెం జరగొచ్చు కానీ, పక్కకి జారిపోయి అక్కడే ఉండిపోకూడదు. టైమ్ చూడ్డానికి ప్రతిసారీ రెండో చేత్తో సర్దుకోవాల్సి వస్తోందంటే అది వాచ్ కాదు, కడియం.

వదులుగా వేసుకోవడం వల్ల నష్టం చూడ్డానికే కాదు. వాచ్ ఊగుతుంటే తలుపు గడియలకీ, గోడలకీ తగిలే అవకాశం ఎక్కువ. లాక్ ల్యాప్‌టాప్ అంచున రాసుకుని రెండూ గీతలు పడతాయి. మనకు కనిపించని ఇంకో నష్టం ఉంది: లింకుల మధ్య చెమట, దుమ్ము చేరి, చైన్ కదిలిన ప్రతిసారీ అది గరుకు కాగితంలా పిన్నులనీ, రంధ్రాలనీ అరగదీస్తుంది. పాత వాచ్‌ని అడ్డంగా పట్టుకుంటే చైన్ మెత్తగా వాలిపోవడం చూసి "చైన్ సాగిపోయింది" అంటారు కదా, స్టీల్ సాగదండీ, లోపల అరిగిపోతుంది. వదులు చైన్ ఎక్కువ కదులుతుంది, కాబట్టి ఎక్కువ అరుగుతుంది.

ఇక బిగువు గురించి. వాచ్ తీశాక చర్మం మీద లేత గుర్తు పడి పది నిమిషాల్లో పోతే ఓకే. లింకుల డిజైన్ మొత్తం అచ్చు పడిపోతే ఓకే కాదు. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, చర్మానికి బాగా దగ్గరగా ఒక నరం వెళ్తుంది. బిగువైన వాచ్ దాన్ని నొక్కుతూ ఉంటే బొటనవేలి వెనక, చేతి వెనక తిమ్మిరి, మంట వస్తాయి. 1932లో దీని గురించి రాసిన డాక్టర్ పేరు మీద దీన్ని వార్టెన్‌బర్గ్ సిండ్రోమ్ అంటారు. చేతికి బేడీలు వేసినవాళ్లలో కూడా ఇదే వస్తుంది. అంటే మీ వాచ్, పోలీసు బేడీలు ఒకే పని చేస్తున్నాయన్నమాట. చెయ్యి తిమ్మిరెక్కుతుంటే "కొత్త కదా, అలవాటవుతుంది" అనుకోకండి. లింక్ కలపండి. వాచ్ తీసేసినా తిమ్మిరి పోకపోతే డాక్టర్‌కి చూపించండి.

బిగువుగా ఉన్నప్పుడు గాలి ఆడక చెమట, సబ్బు కింద నిలిచిపోయి దురద కూడా వస్తుంది. చాలామంది దీన్ని మెటల్ ఎలర్జీ అనుకుంటారు. నికెల్ పడనివాళ్లు ఉన్నారు, వాచ్‌లలో వాడే 316ఎల్ స్టీల్‌లో నికెల్ ఉంటుంది కూడా, కాబట్టి అదీ కావచ్చు. కానీ ముందు చైన్‌ని పాత టూత్ బ్రష్‌తో, కాస్త సబ్బు నీళ్లతో రుద్ది, బాగా ఆరబెట్టి (వాచ్ వాటర్ రెసిస్టెంట్ అయితేనే, లేదంటే చైన్ విప్పి), ఒక పాయింట్ వదులు చేసి చూడండి. మా ఇంట్లో అయితే ఆ దెబ్బతోనే దురద పోయింది. పోకపోతే అప్పుడు టైటానియం గురించి ఆలోచించండి. అది స్టీల్ బరువులో సుమారు సగానికి కాస్త ఎక్కువ ఉంటుంది, కాబట్టి వదులుగా ఉన్నా అంతగా ఊగదు.

అసలు కీలకం లాక్‌లో ఉంది

లింకులతో సగం పనే అవుతుంది. మిగతా సగం లాక్ చేస్తుంది. మడత పెట్టి నొక్కే మామూలు లాక్ పక్కన చూస్తే రెండో, మూడో, నాలుగో చిన్న రంధ్రాల వరస ఉంటుంది. లోపల స్ప్రింగ్ పిన్ ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి మారిస్తే చైన్ రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది, పెరుగుతుంది. టూత్‌పిక్ చాలు, ఐదు నిమిషాల పని. "ఒక లింక్ తీస్తే టైట్, ఉంచితే లూజ్" అనే సమస్యకి మందు ఇదే. కానీ చైన్ వాచ్ వాడే నా ఫ్రెండ్స్‌లో సగం మందికి ఆ రంధ్రాలు ఎందుకున్నాయో తెలీదు!

నేను లింకులు తీసేటప్పుడు స్ప్రింగ్ పిన్‌ని మధ్య రంధ్రంలో పెట్టి మొదలుపెడతాను. అప్పుడు వేసవికి ఒక పాయింట్ వదులు, చలికాలానికి ఒక పాయింట్ బిగువు చేతిలో ఉంటాయి. షాపులో చాలామంది లింక్ తీసేసి చేతికి సరిపోయిందా అని చూస్తారు, పిన్ ఏ రంధ్రంలో ఉందో చూడరు. పిన్ అప్పటికే చివరి రంధ్రంలో ఉంటే మీకు ఒక వైపు దారి మూసుకుపోయినట్టే.

సీతాకోకచిలుకలా రెండు వైపులా తెరుచుకునే బటర్‌ఫ్లై లాక్ చూడ్డానికి చాలా నీట్‌గా ఉంటుంది. కానీ చాలా వాటిలో ఈ రంధ్రాలు ఉండవు. సగం లింకులు ఇస్తే నయం, లేకపోతే అదృష్టం మీద ఆధారపడాలి. నేనైతే మన వాతావరణంలో రోజూ పెట్టుకునే వాచ్‌కి బటర్‌ఫ్లై లాక్ తీసుకోను. కొనే ముందు "లాక్‌లో అడ్జస్ట్‌మెంట్ ఉందా, హాఫ్ లింక్ ఇస్తారా" అని అడగండి. డయల్ కలర్ కంటే ఇది ముఖ్యం.

పై రేంజ్‌లో అయితే టూల్ లేకుండానే లాక్‌ని జరుపుకునే ఏర్పాట్లు ఉంటాయి. రోలెక్స్ సబ్‌మెరైనర్‌లో గ్లైడ్‌లాక్ సుమారు 2 ఎంఎం చొప్పున మొత్తం 20 ఎంఎం దాకా జరుగుతుంది. డైవింగ్ సూట్ మీద కూడా వాచ్ పట్టడానికి చేసింది అది. టూడర్ వాళ్ల టీ-ఫిట్ 8 ఎంఎం జరుగుతుంది. మనం కొనేవి కావులెండి. కానీ లక్షలు పెట్టి కొనే వాచ్‌లలో కూడా కంపెనీలు ఈ రెండు మూడు మిల్లీమీటర్ల కోసమే ఇంత కష్టపడుతున్నాయంటే విషయం చిన్నది కాదని తెలుస్తుంది. తక్కువ ధరలో కావాలంటే క్యాసియో ఏ158 లాంటి పాత డిజైన్ వాచ్‌లు చూడండి. వాటి లాక్‌లో చిన్న పట్టీని స్క్రూడ్రైవర్‌తో లేపితే లాక్ మొత్తం చైన్ మీద కావాల్సిన చోటికి జరుగుతుంది, లింక్ తీసే పనే లేదు. జల్లెడలా అల్లిన మెష్ చైన్లు కూడా అంతే. అయస్కాంతంతో అతుక్కునే మెష్ అయితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది: పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అయస్కాంతం ఉన్న స్ట్రాప్ కొనేముందు డాక్టర్‌ని అడగాలి. నాన్నకి నేను మొదట అదే కొనబోయాను. ఆయనకి ఉన్నది స్టెంట్, పేస్‌మేకర్ కాదు. కానీ "అయస్కాంతం అంటే నాకెందుకో భయంరా" అన్నారు, వదిలేశాను.

ఇంట్లో లింక్ తీసేవాళ్లకి

చైన్ లోపలి వైపు చిన్న బాణం గుర్తులు ఉంటాయి. పిన్ని ఆ బాణం చూపించే దిక్కుకే నెట్టి తీయాలి, పెట్టేటప్పుడు దానికి ఎదురుగా పెట్టాలి. దీన్ని తిరగేసి కొడితే పిన్ వంగిపోతుంది, తర్వాత దేవుడు కూడా తీయలేడు. కొన్ని పిన్నులకి ఒక కొన చీలి ఉంటుంది, చీలని కొన ముందు లోపలికి వెళ్లాలి. సీకో లాంటి కొన్ని వాచ్‌లలో పిన్‌తో పాటు ఆవగింజంత గొట్టం ఒకటి ఉంటుంది. పిన్ తీయగానే అది రాలిపోయి కనిపించకుండా పోతుంది, కాబట్టి తెల్ల గుడ్డ పరుచుకుని కూర్చోండి. స్క్రూలు ఉన్న చైన్ అయితే సరైన సైజు స్క్రూడ్రైవర్ లేకుండా ముట్టుకోవద్దు. ఆపిల్ లింక్ బ్రేస్‌లెట్‌కి ఈ బాధలేవీ లేవు, లింక్ వెనక బటన్ నొక్కితే ఊడొస్తుంది. దాని ధర వింటే మళ్లీ బీసెంట్ రోడ్డు బాబాయే నయమనిపిస్తుంది.

ఎన్ని తీయాలన్నది ఒక్కటే కాదు, ఎటు వైపు తీయాలన్నది కూడా చూడాలి. రెండు వైపులా సమానంగా తీయండి. బేసి సంఖ్య వస్తే నేను ముందు 6 అంకె వైపు ఎక్కువ తీసి చూస్తాను. పెట్టుకుని చెయ్యి తిప్పితే లాక్ మణికట్టు కింద సరిగ్గా మధ్యలో ఉండాలి. పక్కకి ఉంటే లాక్ బరువుకి డయల్ కూడా పక్కకి లాగబడుతుంది. అప్పుడు చైన్ పొడవు సరిగ్గా ఉన్నా మీకు వదులుగానే అనిపిస్తుంది. నేను రెండేళ్లు వాడిన ఒక వాచ్‌కి ఇదే జరిగింది. లింక్ తీసి తీసి బిగించుకున్నాను, తిమ్మిరి తెచ్చుకున్నాను. అసలు చేయాల్సింది ఒక లింక్‌ని ఈ వైపు నుంచి ఆ వైపుకి మార్చడమే.

ఇంకో మాట. కేస్ మీ మణికట్టు కంటే పెద్దదైతే ఏ లింకూ మిమ్మల్ని కాపాడలేదు. కేస్ చివరలు మణికట్టు దాటి గాల్లో ఉంటే ఆ పక్కన ఎప్పుడూ సందు ఉంటుంది. అది ఫిటింగ్ సమస్య కాదు, కొనుగోలు సమస్య.

మళ్లీ నాన్న వాచ్ దగ్గరికి

స్మార్ట్‌వాచ్‌కి పైన చెప్పిన చిటికెన వేలి లెక్క సరిపోదు, ఇంకొక మెట్టు బిగువు కావాలి, కనీసం నడిచేటప్పుడైనా. నేను వాడే పరీక్షలు రెండు. ఒకటి, డయల్‌ని వేలితో అటూ ఇటూ కదిపితే కింద చర్మం కూడా దాంతో పాటే కదలాలి. చర్మం మీద వాచ్ జారుతుంటే చాలదు. రెండు, చీకటి గదిలో హార్ట్ రేట్ ఆన్ చేసి పక్క నుంచి చూడండి. ఆకుపచ్చ వెలుగు గట్టిగా బయటికి కారుతుంటే సెన్సార్ ఆనలేదని అర్థం. వ్యాయామం అప్పుడు వాచ్‌ని ఎముక నుంచి మోచేతి వైపు రెండు వేళ్ల వెడల్పు పైకి జరపడం కూడా మంచిది. అక్కడ కండ ఉంటుంది, సెన్సార్ బాగా ఆనుతుంది.

నాన్న చైన్‌లో రెండు లింకులు తీశాను, ఇటొకటి అటొకటి. కాలువ గట్టు మీద నడిపిస్తే వాచ్ 94 చూపించింది. ఆపి నాడి చూస్తే 23 మళ్లీ, అంటే 92. అబ్బ, కుదిరింది అనుకున్నాను. కానీ సాయంత్రానికి ఆయన చేతి మీద లింకుల అచ్చు. "ఇదేం వాచ్‌రా, బీపీ మిషన్ పట్టీ లాగా పట్టేసింది" అని విప్పి టీవీ మీద పెట్టేశారు. మళ్లీ మొదటికొచ్చింది. ఎంత కరెక్ట్ రీడింగ్ ఇచ్చినా, టీవీ మీద ఉన్న వాచ్ ఎవరి గుండెనీ కొలవదు.

అప్పుడు ఆన్‌లైన్‌లో కొన్న ఆ చైన్ లాక్ తిప్పి చూశాను. రంధ్రాలే లేవు! కొనేటప్పుడు నేనే చూసుకోలేదు. పైన మీకు చెప్పిన సలహా నేనే పాటించలేదన్నమాట. బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే ఒక పాత చైన్ నుంచి తీసిన నాలుగు రంధ్రాల లాక్ వెతికి, వెడల్పు సరిచూసి వేశాడు. ఇప్పుడు ఒక లింక్ వెనక్కి కలిపి, పొద్దున వాకింగ్‌కి పిన్ బిగువు రంధ్రంలో, ఇంటికొచ్చాక రెండు రంధ్రాలు వదులు. రోజూ రెండుసార్లు పిన్ మార్చడం పెద్దాయనకి చిరాకే. వారం చేశాక ఆయనే ఒక దారి కనిపెట్టారు: పిన్ ముట్టుకోరు, వాకింగ్ అప్పుడు వాచ్‌ని మోచేతి వైపు పైకి నెట్టి, లావుగా ఉన్న చోట ఆపుతారు. ఇంటికొచ్చాక కిందకి లాగుతారు. మణికట్టు నుంచి పైకి పోయే కొద్దీ చెయ్యి లావవుతుంది కాబట్టి అదే చైన్ అక్కడ బిగుస్తుంది. గైడ్‌లలో "వ్యాయామం అప్పుడు పైకి జరపండి" అని ఎందుకు రాస్తారో నేను చదివి తెలుసుకున్నదాన్ని ఆయన నడిచి తెలుసుకున్నారు. ఇప్పుడు నడకలో 90 నుంచి 98 మధ్య చూపిస్తోంది. వారానికోసారి నేను వేళ్లతో సరిచూస్తున్నాను, మూడు నాలుగు తేడాతో కలుస్తోంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఎవరికైనా స్మార్ట్‌వాచ్ ఇస్తుంటే ఒక్క పని చేయండి. మొదటి రోజు వాళ్లతో పాటు నడిచి, వాచ్ నంబర్‌ని నాడితోనూ, అడుగుల లెక్కతోనూ పోల్చి చూడండి. అడుగులతో కలిస్తే చైన్ బిగించాలి. నాడిలో కూడా నిజంగానే ఎక్కువ తక్కువలు కనిపిస్తే, ఛాతీ నొప్పి, ఆయాసం లాంటివి ఉంటే, అది చైన్ సంగతి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రన్నింగ్, జిమ్ సీరియస్‌గా చేసే కుర్రాళ్లయితే చైన్‌ని ఆఫీసుకీ, పెళ్లిళ్లకీ ఉంచుకుని వ్యాయామానికి సిలికాన్ గానీ, నైలాన్ గానీ వేసుకోండి. ఎంత బిగించినా స్టీల్ చైన్ ఆ పనికి పుట్టలేదు.

తీసిన లింకులు, పిన్నులు పారేయకండి. ఒళ్లు వస్తుంది, వేసవి వస్తుంది, వాచ్ తమ్ముడి చేతికి వెళ్తుంది. నాన్నది మిగిలిన ఒక్క లింక్ ఆయన మాత్రల డబ్బాలో, ఆదివారం గడిలో ఉంది. నేను పెట్టలేదు, ఆయనే పెట్టుకున్నారు.

ఆయన పాత కీ వాచ్ మాత్రం అలాగే ఉంది. సాయంత్రం గుడికి వెళ్లేటప్పుడు స్మార్ట్‌వాచ్ తీసేసి అది పెట్టుకుంటారు. గాజులా మోచేతి దాకా జారుతుంది, గలగలమంటుంది. ఒక లింక్ తీయమంటారా అని అడిగాను. "దాని జోలికి రాకు" అన్నారు. దాంట్లో సెన్సార్ లేదు కాబట్టి నేనూ ఊరుకున్నాను.